ఓడ మీద విందు – ఒంటి మీద వస్త్రం



ఈ వారం మనం ఆలోచించబోయే ప్రశ్న వింటే కొందరికి నవ్వు రావచ్చు. సముద్రం మీద తిరిగే విహార నౌకలో ఖరీదైన భోజనశాల ఒకటి ఉంటుంది. రాత్రి భోజనానికి అక్కడికి వెళ్ళేవారు ఏ బట్టలు వేసుకోవాలి? ఇదీ ప్రశ్న. "పెన్నలో నీళ్ళు పారితేనే పండుగ చేసుకునేవాళ్ళం, మనకెందుకు ఫాదర్ గారూ ఈ ఓడల గోల?" అని పెండ్లిమర్రిలోనో జమ్మలమడుగులోనో ఎవరైనా అడిగితే తప్పు పట్టలేము.

కానీ కాలం మారింది. మన జిల్లా నుండి ఎందరో కువైట్‌కు వెళ్ళి కష్టపడుతున్నారు. కొందరి పిల్లలు చదువుకుని అమెరికాలో స్థిరపడ్డారు. వారు తల్లిదండ్రులను రప్పించుకున్నప్పుడు నాలుగు రోజులు ఓడ ప్రయాణం చేయిస్తున్నారు. అంత దూరం పోనక్కరలేదు. 2022 జూన్ నెలలో 'ఎంప్రెస్' అనే విహార నౌక మన విశాఖపట్నం రేవుకే వచ్చి, ప్రయాణికులను ఎక్కించుకుని చెన్నైకి వెళ్ళింది. 2023 సెప్టెంబరులో ఇటువంటి నౌకల కోసం విశాఖలో ప్రత్యేకంగా ఒక టెర్మినల్ కూడా ప్రారంభించారు. కాబట్టి ఈ ప్రశ్న మన ఇళ్ళలోకి రానే వచ్చింది.

ముందుగా ఓడ పద్ధతి ఏమిటో తెలుసుకుందాం. పెద్ద విహార నౌకల్లో సాధారణంగా మూడు రకాల భోజనశాలలు ఉంటాయి. ఒకటి, ఎవరికి వారు పళ్ళెం పట్టుకుని వడ్డించుకునే చోటు. అక్కడ బట్టల గురించి పెద్దగా పట్టింపు ఉండదు. రెండు, టిక్కెట్టు సొమ్ములోనే కలిసివున్న పెద్ద భోజనశాల. మూడు, అదనంగా డబ్బు చెల్లించి కూర్చునే ప్రత్యేక భోజనశాల. ఈ చివరి రెండింటిలో రాత్రిపూట వస్త్ర నియమం ఉంటుంది. ఈత దుస్తులు, నిక్కర్లు, చేతుల్లేని బనియన్లు, రబ్బరు చెప్పులు పనికిరావంటారు. ప్రయాణంలో ఒకటి రెండు రాత్రులను 'ఫార్మల్ నైట్' అని పిలుస్తారు. ఆ రాత్రి మగవారు సూటు, టై, బూట్లతోను, ఆడవారు ఉన్నంతలో మేలైన దుస్తులతోను రావాలని కోరతారు.

ఇక మన ఇంటి సంభాషణ ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి. "నాయనా, ఆ ఒక్క రాత్రికి కోటు వేసుకో" అంటాడు కొడుకు. "అరవై ఏండ్లు పంచె కట్టినోడిని. ఈ వయసులో నన్ను బొమ్మను చేస్తావా?" అంటాడు తండ్రి. కొడుక్కి నలుగురిలో నామోషీ. తండ్రికి తన ఒంటి మీది బట్టను కన్నబిడ్డే తక్కువ చేశాడన్న బాధ. తల్లి ఇద్దరి మధ్య నలిగిపోతుంది. విందు కోసం బయలుదేరిన కుటుంబం విందుకు ముందే చేదు తింటుంది. ఇప్పుడు చెప్పండి, ఇది బట్టల కొట్టువాడు తీర్చే ప్రశ్నేనా, లేక మనస్సాక్షి తీర్చవలసిన ప్రశ్నా?

"బట్టల్లో ఏముంది? దేవుడు హృదయాన్ని చూస్తాడు" అని మనం సులభంగా అనేస్తాం. మాట నిజమే. కాని దేవుడు చూసినట్లు మనం చూడలేము. మనుష్యులం కాబట్టి ముందు కనబడేదే చూస్తాం. నేను ఎదుటివారి యెదుట ఎలా కనబడుతున్నాను అనేది వారితో నేను నోరు విప్పకుండా మాట్లాడే మాట. చావు ఇంటికి మెరిసే జరీ పట్టుతో వెళ్ళేవారిని, పెండ్లి ఇంటికి మాసిన లుంగీతో వెళ్ళేవారిని మనం ఎందుకు తప్పుబడతాం? బట్ట ఖరీదు చూసి కాదు. దుఃఖంలో ఉన్నవారి దుఃఖాన్ని, సంతోషంలో ఉన్నవారి సంతోషాన్ని లెక్కచేయలేదని తప్పుబడతాం.

పదమూడవ శతాబ్దపు మహా వేదాంతి పునీత థామస్ అక్వినాస్ తన 'సుమ్మా థియొలాజియా' గ్రంథంలో ఈ విషయాన్ని చిన్నదిగా ఎంచలేదు. పై దుస్తుల విషయంలో సుగుణము, దుర్గుణము ఉంటాయా అని ఒక ప్రశ్నే వేసుకుని చర్చించాడు. ఆయన ఆలోచనను మన మాటల్లో చెప్పుకుంటే ఇలా ఉంటుంది. వస్తువుల్లో దోషం లేదు, వాటిని వాడే మనసులో మితం లేకపోవడమే దోషం. ఆ మితం రెండు విధాలుగా తప్పుతుంది. నలుగురూ పాటించే ఆచారాన్ని లక్ష్యపెట్టకపోవడం ఒకటి. బట్టల మీద అతి వ్యామోహం రెండవది: గొప్ప కోసం, సుఖం కోసం, లేదా వేరే ధ్యాసే లేకుండా వాటి చుట్టూ తిరగడం. ఇంతవరకు మనకు తెలిసిందే. కాని ఆయన మరో మాట చేర్చాడు. తక్కువ చేయడంలో కూడా దోషం ఉంది. బద్ధకం వల్ల శుభ్రంగా ఉండకపోవడం ఒక దోషం. తన పేద బట్టలనే గొప్పగా చూపించుకోవడం మరో దోషం. అహంకారం పట్టుబట్టలోనే దాగుతుందని అనుకోవద్దు, చిరుగు గుడ్డలో కూడా దాగగలదు.

ఈ తూకం మన కథలోని తండ్రీకొడుకులిద్దరికీ వర్తిస్తుంది. పదిమంది మెప్పు కోసమే తండ్రికి కోటు తొడిగించాలనుకుంటే కొడుకు మితం తప్పాడు. "నేను ఇంతే, ఎవరేమనుకుంటే నాకేం" అని పంతానికి మాసిన తువ్వాలు భుజాన వేసుకుని వెళ్తే తండ్రీ మితం తప్పాడు.

ఆచారాన్ని గౌరవించడం గురించి మన శ్రీసభ చరిత్రలో ఒక ముచ్చట ఉంది. పునీత అగస్తీను తల్లి మోనికమ్మ మిలాను నగరానికి వచ్చినప్పుడు అక్కడ శనివారం ఉపవాసం లేదని చూసి కలత చెందింది. రోములో ఆ ఉపవాసం ఉండేది. అగస్తీను వెళ్ళి మేత్రాణులు పునీత అంబ్రోసును అడిగాడు. తాను రోములో ఉన్నప్పుడు ఉపవాసం ఉంటాననీ, మిలానులో ఉన్నప్పుడు ఉండననీ, ఏ ఊరి సంఘానికి వెళ్తే ఆ ఊరి ఆచారాన్ని పాటించి ఎవరికీ ఇబ్బంది కలగనీయవద్దనీ ఆయన సలహా ఇచ్చారు. నలుగురితో నారాయణ అని మనవాళ్ళు అనేదీ ఈ అర్థంలోనే. విశ్వాసానికి, నీతికి భంగం లేనిచోట స్థానిక ఆచారాన్ని పాటించడం వేషధారణ కాదు. అది మర్యాద.

అయితే ఆచారం అన్నది ఎప్పుడూ అమాయకమైనది కాదు. ఇక్కడే మనం జాగ్రత్తపడాలి. మన పల్లెల్లో ఒకప్పుడు దళితులు పెద్దకులాల వీధిలో చెప్పులు కాళ్ళకు తొడుక్కోరాదు, చేతబట్టుకుని నడవాలి. తలకు చుట్టిన తువ్వాలు తీసి చంకన పెట్టుకోవాలి. అదీ 'ఆచారమే'. తిరువాన్కూరు రాజ్యంలో నాడారు స్త్రీలు రవిక తొడుక్కునే హక్కు కోసం దశాబ్దాలపాటు దెబ్బలు తినవలసి వచ్చింది. వారిలో చాలామంది కొత్తగా క్రైస్తవులైనవారు. 1859లో గాని రాజు వారికి ఒళ్ళు కప్పుకునే అనుమతి ఇవ్వలేదు. కప్పుకోవడానికే అనుమతి కావలసి వచ్చిందంటే, బట్టకు, మానవ గౌరవానికి ఎంత దగ్గరి సంబంధం ఉందో చూడండి.

స్కాట్లండు తత్వవేత్త ఆడం స్మిత్ 1776లో ప్రచురించిన తన ప్రసిద్ధ అర్థశాస్త్ర గ్రంథంలో ఇటువంటి మాటే చెప్పాడు. నార చొక్కా అనేది బ్రతకడానికి తప్పనిసరి వస్తువేమీ కాదు. పూర్వం గ్రీకులు, రోమీయులు అది లేకుండానే హాయిగా జీవించారు. కాని తన కాలంలో ఐరోపాలో ఎక్కువ ప్రాంతాల్లో రోజుకూలీ కూడా నార చొక్కా లేకుండా నలుగురిలోకి రావడానికి సిగ్గుపడతాడని ఆయన గమనించాడు. అందుకే అవసరాలంటే ప్రాణం నిలబెట్టేవి మాత్రమే కాదు, సిగ్గుపడకుండా నలుగురిలో నిలబడనిచ్చేవి కూడా అవసరాలేనని వాదించాడు. మన ఊళ్ళో ఒక అమ్మ అప్పుచేసి అయినా పిల్లకు మంచి గౌను కొంటే, "లేనివాళ్ళకు ఎందుకమ్మా ఈ డాబు" అనేవారు ఈ మాట గుర్తుంచుకోవాలి. ఆమె కొన్నది గౌను మాత్రమే కాదు, బిడ్డ తలెత్తుకుని నడవడానికి కావలసిన ధైర్యాన్ని కూడా.

ఓడ, భోజనశాల, బట్టలు – ఈ మూడూ కలిసిన నిజమైన కథ ఒకటి మన దేశ చరిత్రలోనే ఉంది. 1888 సెప్టెంబరు 4న పద్దెనిమిదేళ్ళ యువకుడు ఒకడు న్యాయశాస్త్రం చదవడానికి బొంబాయిలో ఓడ ఎక్కాడు. చాకు, ముళ్ళచెంచా వాడడం రాదు. ఏ వంటకంలో మాంసం ఉందో అడగడానికి సిగ్గు. అందుకని భోజనశాల గడప తొక్కకుండా, ఇంటినుండి తెచ్చుకున్న తీపి పదార్థాలు, పండ్లు గదిలోనే తిని రోజులు గడిపాడు. ఓడలో నల్ల సూటు వేసుకుని, దిగేటప్పుడు తెల్లదైతే బాగుంటుందని ఒక తెల్ల ఫ్లానెల్ సూటు దాచి ఉంచాడు. సెప్టెంబరు చివరిలో ఇంగ్లండులో దిగి చూస్తే, అటువంటి బట్టల్లో ఉన్నవాడు తానొక్కడే. సిగ్గుతో కుంచించుకుపోయాడు. ఆయనే తన ఆత్మకథలో ఈ సంగతులు వ్రాసుకున్నాడు. ఆయన మోహన్‌దాస్ గాంధీ.

అదే గాంధీ 1921 సెప్టెంబరు 22న మదురైలో చొక్కా, టోపీ విడిచి కొల్లాయి గుడ్డ కట్టాడు. దేశంలో కోట్లమందికి అంతకు మించి బట్ట లేదన్నదే ఆయన కారణం. 1931లో రౌండ్ టేబుల్ సమావేశానికి మళ్ళీ ఓడ మీద లండను వెళ్ళి, నవంబరులో బకింగ్‌హామ్ రాజభవనంలో ఐదవ జార్జి చక్రవర్తి ఇచ్చిన తేనీటి విందుకు ఆ కొల్లాయి గుడ్డతో, శాలువాతో, చెప్పులతోనే హాజరయ్యాడు. నలభైమూడేళ్ళ క్రితం ఒక తెల్ల సూటు వల్ల సిగ్గుపడ్డవాడు చక్రవర్తి ముందు గోచీతో సిగ్గుపడలేదు. ఏమి మారింది? మొదటిసారి, నన్నెవరైనా నవ్వుతారేమో అన్న భయంతో బట్ట వేసుకున్నాడు. రెండవసారి, ఎవరి పక్షాన నిలబడ్డానో తెలిసి వేసుకున్నాడు.

ఇప్పుడు నాణేనికి రెండవ వైపు చూడండి. మన ఊరూరా నిలబడి ఉన్న డాక్టర్ అంబేద్కర్ విగ్రహానికి సూటు, టై ఉంటాయి. ఆయన కూడా పేదల పక్షమే కదా, మరి గోచీ ఎందుకు కట్టలేదు? ఎవరి తాతలకు మంచి బట్ట కట్టుకోవడమే నేరమైందో, వారి బిడ్డ నిండుగా సూటు వేసుకుని నిలబడడమే ఒక తీర్పు. 1927 డిసెంబరులో మహద్‌లో ఆయన దళిత స్త్రీలతో మాట్లాడుతూ, కులాన్ని గుర్తుపట్టేలా కట్టే చీరకట్టును మానుకోమని, మిగతా స్త్రీలలాగే నిండుగా కట్టుకోమని చెప్పారు. ఒకాయన బట్ట విడవడంలో మానవ గౌరవాన్ని చూశారు. మరొకాయన బట్ట తొడగడంలో అదే గౌరవాన్ని చూశారు. కాబట్టి సూటు వేసుకున్నవాడు గర్విష్ఠి అనీ, పంచె కట్టుకున్నవాడు వినయశీలి అనీ చూపుతో తేల్చకూడదు. కట్టినవాని చరిత్ర తెలియనిదే ఆ బట్ట అర్థం తెలియదు.

అయితే విందు ఇచ్చేవారు పెట్టే నియమాల సంగతేమిటి? నియమం పెట్టడమే తప్పా? కాదు. కాని అన్ని నియమాలూ ఒక్కటి కావు. 2014 జూలైలో చెన్నైలో క్రికెట్ సంఘానికి చెందిన క్లబ్బులో ఒక పుస్తకావిష్కరణ సభ జరిగింది. పిలుపు మీద వెళ్ళిన మద్రాసు హైకోర్టు న్యాయమూర్తిని, పంచె కట్టుకున్నారన్న కారణంతో గుమ్మంలోనే ఆపారు. నలుగురికి తీర్పు చెప్పే మనిషికే ఆ గతి పట్టింది. దేశమంతటా అలజడి రేగగా, తమిళనాడు శాసనసభ అదే ఏడాది చట్టం చేసింది. సంప్రదాయ దుస్తుల్లో వచ్చినవారిని క్లబ్బులు, బహిరంగ సభాస్థలాలు వెళ్ళగొట్టకూడదని, అలా చేస్తే ఏడాది వరకు జైలు, 25,000 రూపాయల వరకు జరిమానా అని నిర్ణయించింది. 2017లో ఢిల్లీ గోల్ఫ్ క్లబ్బులో మేఘాలయకు చెందిన ఒక మహిళ విందుకు అతిథిగా వెళ్ళింది. ఆమె తన జాతి సంప్రదాయ వస్త్రం ధరించి ఉంది. పనిమనిషిలా ఉన్నావంటూ బల్ల దగ్గరనుండి లేపారు. ఆ మాటలో రెండు పాపాలున్నాయి. ఒక జాతి వస్త్రాన్ని అవమానించడం ఒకటి, పనిమనిషి అయితే విందుకు తగదనుకోవడం మరొకటి.

మరి మంచి నియమాన్ని, చెడ్డ నియమాన్ని ఎలా వేరుచేయాలి? మూడు ప్రశ్నలు వేసుకుందాం.

మొదటిది: ఈ నియమాన్ని పేదవాడు తన శ్రద్ధతో పాటించగలడా, లేక డబ్బుంటేనే పాటించగలడా? ఒళ్ళు తుడుచుకుని, ఉతికిన బట్టతో భోజనానికి రమ్మంటే ఎవరైనా రాగలరు. ఫలానా ఖరీదైన కోటు ఉంటేనే రమ్మంటే అందరూ రాలేరు. రెండవది: నియమం భోజనాన్ని, తోటివారిని గౌరవించడానికా, లేక కొందరిని ఏరి పక్కకు పెట్టడానికా? ఈతకొలను నుండి తడి నిక్కరుతో వచ్చి బల్ల దగ్గర కూర్చోవద్దనడం గౌరవం కోసమే. పంచె, జైన్సెమ్ వద్దనడం ఏరివేత కోసమే. మూడవది: నియమం పెట్టినవాడు, అది లేనివానికి సహాయం చేస్తున్నాడా? పూర్వం కొన్ని పెద్ద హోటళ్ళలో కోటు లేకుండా వచ్చినవారికి గుమ్మం దగ్గరే కోటు, టై అరువిచ్చి లోపలికి తీసుకువెళ్ళే అలవాటు ఉండేది. కోటు లేదని పంపించివేసే ఇంటికి, కోటు తొడిగి లోపలికి పిలిచే ఇంటికి ఎంత తేడా ఉందో చూడండి. రెండిటిలోనూ నియమం ఒక్కటే. ఇంటివాని మనసు వేరు.

మత్తయి సువిశేషం 22వ అధ్యాయంలోని పెండ్లి విందు ఉపమానాన్ని ఈ వెలుగులో చదవండి. పేరులోనే పెండ్లిని పెట్టుకున్న పెండ్లిమర్రి వారికి ఇది మరింత దగ్గరగా ఉండాలి. పిలిచినవారు రాలేదు. రాజు దారులలో దొరికినవారినందరినీ, మంచివారినీ చెడ్డవారినీ, పిలిపించాడు. తర్వాత పెండ్లి వస్త్రం లేనివాడొకడు కనబడితే అతన్ని బయటికి పంపాడు. దారిన పోయేవాణ్ణి పిలిచి బట్ట లేదని గెంటడం ఏమి న్యాయం అని చాలామంది నన్ను అడుగుతుంటారు. న్యాయమైన ప్రశ్నే. కాని ఒక చిన్న సంగతి గమనించండి. రాజు ముందు అతన్ని ప్రశ్నించాడు. మిత్రమా అని పిలిచి కారణం చెప్పే అవకాశం ఇచ్చాడు. అతడు మౌనంగా ఉండిపోయాడు. "దొరా, నేను పేదవాణ్ణి, నాకు వేరే బట్ట లేదు" అని ఒక్క మాట అనలేదు. అదే దారినుండి వచ్చిన మిగతావారందరికీ వస్త్రం ఎలా వచ్చింది? విందు ఇచ్చేవారే వస్త్రం కూడా ఇచ్చేవారని కొందరు వ్యాఖ్యాతలు చెబుతారు. అలా అయినా కాకపోయినా, అతని లోపం లేమి కాదని అతని మౌనమే చెబుతోంది. తనను పిలిచిన ప్రేమను అతడు పట్టించుకోలేదు.

ఇక ఓడ సంగతికి మళ్ళీ వద్దాం. సలహా అడిగేవారికి సూటిగానే చెబుతాను. ప్రయాణానికి ముందు ఆ ఓడవారి నియమాలు చదివించుకోండి. మగవారికి ఫుల్ ప్యాంటు, కాలరున్న చొక్కా, మూసి ఉన్న బూట్లు ఉంటే మామూలు రాత్రులకు సరిపోతాయి. ఫార్మల్ రాత్రికి మన ఆడవారికి పట్టుచీరకు మించిన వస్త్రం ప్రపంచంలో లేదు. మగవారికి మెడ వరకు గుండీలున్న మన దేశపు కోటు సూటుతో సమానంగా చెల్లుతుంది. చాలా ఓడలు వివిధ దేశాల సంప్రదాయ దుస్తులను గౌరవంగానే చూస్తాయి. పంచె, చొక్కా, కండువ కట్టుకోదలచిన పెద్దవారు ఉంటే ముందే అడిగి తెలుసుకోండి. లోపల ఏసీ చలి ఎక్కువ, అమ్మకు ఒక శాలువా మరచిపోవద్దు. ఒక్క రాత్రి కోసం అప్పుచేసి సూటు కుట్టించవద్దు. ఆ రాత్రి పెద్ద భోజనశాలకు వెళ్ళకుండా, మామూలు బట్టలతో వడ్డించుకునే చోట తిన్నా ఎవరూ తక్కువ చేయరు. తండ్రి ఇష్టపడి కోటు వేసుకుంటే సంతోషించండి. ఇష్టపడకపోతే, కొడుకు తానూ సూటు విప్పి తండ్రి పక్కన మామూలు బల్ల దగ్గర కూర్చోవాలి. తండ్రి లేని పెద్ద బల్ల కంటే తండ్రి ఉన్న చిన్న బల్లే విందు.

మరో మాట. ఆ భోజనశాలలో అందరికంటే చక్కగా ఇస్త్రీ చేసిన బట్టలు వడ్డించేవారివి. వారిలో చాలామంది మన దేశం నుండి, ఫిలిప్పైన్స్ నుండి, ఇండొనేషియా నుండి వచ్చినవారు. నెలల తరబడి భార్యాబిడ్డల ముఖం చూడకుండా పనిచేసేవారు. కువైట్‌లో మన అక్కచెల్లెళ్ళు ఎలా ఉన్నారో వారూ అలాగే ఉన్నారు. వారి పేరు అడిగి, ఆ పేరుతో పిలవండి. లూకా సువిశేషంలోని ధనవంతుడు ఊదారంగు వస్త్రాలు, సన్నని నారబట్టలు కట్టి ప్రతిదినం విందులు చేసుకున్నాడు. ఆ కథలో వాకిట ఉన్న లాజరును అతడు పట్టించుకున్న జాడ ఎక్కడా లేదు. ఎదుటి మనిషి కనబడకుండా పోయేంతగా మన బట్ట మెరవకూడదు.

1912 ఏప్రిల్ 14 ఆదివారం ఉదయం టైటానిక్ ఓడలో ఫాదర్ థామస్ బైల్స్ అనే కతోలిక గురువు రెండవ తరగతి, మూడవ తరగతి ప్రయాణికులకు దివ్యబలిపూజ సమర్పించారు. ఆయన తన తమ్ముని పెండ్లి జరిపించడానికి న్యూయార్కు వెళ్తున్నారు. ఆ ఓడలో తరగతిని బట్టి భోజనశాల, భోజనశాలను బట్టి బట్టలు ఉండేవి. ఆ రాత్రే ఓడ మంచుకొండను తాకింది. గుగ్గెన్‌హైమ్ అనే కోటీశ్వరుడు మృత్యువును మర్యాదగా ఎదుర్కోవాలని తన విందు దుస్తులు వేసుకుని నిలబడ్డాడని చెబుతారు. ఫాదర్ బైల్స్ రక్షణ పడవ ఎక్కడానికి నిరాకరించి, మిగిలిపోయిన వారి పాపసంకీర్తనాలు విని, వారితో జపమాల చెప్పిస్తూ ఓడతో పాటే మునిగిపోయారు. ఒకరు తన గౌరవాన్ని వస్త్రంతో నిలబెట్టుకున్నారు, దాన్ని మనం వెక్కిరించనక్కరలేదు. మరొకరు తోటివారి భయాన్ని తన మీద కప్పుకున్నారు. పెండ్లి వస్త్రం అంటే ఏమిటో ఆ రెండవ గురువును అడిగితే తెలుస్తుంది.

ఇంతవరకు దూరపు ఓడల గురించి, పెద్ద క్లబ్బుల గురించి మాట్లాడుకున్నాం. అక్కడి గుమ్మాలను తప్పుపట్టడం తేలిక. ఇప్పుడు మన దేవాలయపు గుమ్మం దగ్గర ఒక్క నిమిషం నిలబడదాం. పునీత యాకోబు తన లేఖ రెండవ అధ్యాయంలో ఇదే చేశారు. బంగారు ఉంగరంతో వచ్చినవానికి ముందు ఆసనం, మాసిన బట్టలతో వచ్చినవానికి నిలబడే చోటు చూపిస్తే మీరు పక్షపాతం చూపినట్లు కాదా అని మొదటి క్రైస్తవులనే నిలదీశారు.

క్రిస్మస్ అర్ధరాత్రి పూజకు ప్రొద్దుటూరు బట్టల అంగళ్ళనుండి తెచ్చిన కొత్త బట్టలతో పిల్లలు కళకళలాడుతూ వస్తారు. చూడముచ్చటగా ఉంటుంది. కాని విచారణలో ఒకటి రెండు కుటుంబాలు ఆ రాత్రి కనబడవు. మర్నాడు అడిగితే, "పిల్లకు జ్వరం ఫాదర్" అంటారు. జ్వరం కాదని వారి గొంతే చెబుతుంది. ఆ ఏడు పంట పోయింది, కొత్త గౌను కొనలేదు, పక్కింటి పిల్లలు అడుగుతారని రాలేదు. మన గుమ్మం మీద 'సూటు లేనివారు రాకూడదు' అన్న బోర్డు లేదు. అయినా ఒక పసిబిడ్డ ఆ బోర్డును చదవగలిగింది. దాన్ని వ్రాసింది మన మాటలే: "ఏమే, కొత్తబట్టలు లేవా?" "పోయినేడు కట్టిన చీరే కదా ఇది?" తొలి దివ్యసత్ప్రసాదం రోజున కూడా ఇదే జరుగుతోంది. ప్రభువు తన శరీరాన్ని అందరికీ ఒకే విధంగా ఇచ్చే బల్ల దగ్గర, మనం తెల్ల గౌను ఖరీదును బట్టి పిల్లలను వరుసల్లో పెట్టేస్తున్నాం. కొరింతు సంఘంలో ఉన్నవారు తింటుంటే లేనివారు చూస్తూ సిగ్గుపడుతున్నారని విని పునీత పౌలు ఎంత మండిపడ్డారో గుర్తుచేసుకోండి.

అలాగని పండుగకు కొత్తబట్టలు మానేయమని చెప్పను. పండుగను పండుగలా చేసుకోవాలి. మన జమ్మలమడుగు, ప్రొద్దుటూరు చేనేత మగ్గాల మీద బ్రతికే కుటుంబాలకు కూడా మన పండుగే అన్నం. కాని ముందు చెప్పిన మూడు ప్రశ్నలు మనకు కూడా వర్తిస్తాయి. లేనివానికి మనం వస్త్రం తొడిగి లోపలికి తెస్తున్నామా, లేక లేదని చూసి నవ్వుతున్నామా?

ఈ ఏడు ఒక పని చేయండి. మీ బిడ్డకు బట్టలు కొనేటప్పుడు, అదే అంగడిలో, అదే ఖరీదులో, మరో బిడ్డకు ఒక జత కొనండి. మీ పిల్లలు వేసి విడిచిన పాతవి ఇవ్వవద్దు, అవి ఎవరివో ఊరంతా గుర్తుపడుతుంది. పండుగకు వారం ముందే, ఎవరూ చూడకుండా, ఉపదేశి చేతికో మఠకన్యల చేతికో ఇచ్చి రండి. తీసుకున్నవారికి ఇచ్చినవారి పేరు తెలియనక్కరలేదు. కొనలేని కుటుంబాలకు నా మనవి కూడా ఒకటుంది. ఉతికిన పాతబట్టలతోనే రండి, వెనుక వరుసలో నిలబడక ముందుకు వచ్చి కూర్చోండి.